పేజీలో ఉన్నదే

పదో తరగతికి ఇంగ్లిష్ చెప్పే మేడమ్‌ది ఒకటే పట్టు. గైడు చూసి అప్పజెప్పకూడదు. కథను వాక్యం వాక్యంగా చదివి, అది దేని గురించో పిల్లలే పట్టుకోవాలి. "ఏ వాక్యం చూసి అంటున్నావ్? చూపించు" అన్నది ఆవిడ ఊతపదం. ఆ బడిలోనే డ్రాయింగ్ మాస్టారు ఆవిడ భర్త. కూతురు ఆవిడ క్లాసులోనే రెండో బెంచీ. ఇంట్లో అమ్మ, బడిలో మేడమ్.

ఆ రోజు పాఠం, ఒక కుటుంబం భోజనానికి కూర్చున్న కథ.

"ఇది దేని గురించి?" అని అడిగింది మేడమ్.

"తల్లి ఓర్పు గురించి" అన్నారు నలుగురైదుగురు. ఆవిడ మనసులో ఉన్నదీ అదే.

కూతురు చెయ్యెత్తింది. "నాకలా అనిపించలేదు మేడమ్. తండ్రి ఎప్పుడు నోరు తెరిచినా ఆ మాట తల్లే పూర్తి చేసేస్తుంది. చివరికి ఆయన 'ఊఁ' అని ఊరుకుంటాడు. ఇది ఆయన గురించి."

"మన డ్రాయింగ్ మాస్టారే" అని వెనక ఎవరో గొణిగారు. క్లాసంతా గొల్లుమంది.

మేడమ్ ముఖం కందగడ్డలా అయింది. "తప్పు. కథలో లేనిది అంటగట్టకు."

"ఉంది మేడమ్. వాక్యం చూపించనా?"

"కూర్చోమన్నానా!"

కూర్చుంది. గంట కొట్టేదాకా తలెత్తలేదు.

స్టాఫ్ రూములో మేడమ్ ఆ పేజీ మళ్లీ తీసింది. పిల్ల చెప్పింది అక్షరాలా అక్కడే ఉంది. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం టీ తాగుతూ భర్త, "ఇవాళ ఎనిమిదో క్లాసు వాళ్లు..." అని మొదలుపెట్టాడు.

"గోల చేసుంటారు. మీరు గట్టిగా కసరరు కదా!" అనేసి నాలుక కరుచుకుంది. "చెప్పండి, ఏదో అంటున్నారు."

"ఏం లేదులే."

మర్నాడు క్లాసులోకి వెళ్తూనే, "నిన్న నేను తప్పన్న జవాబే సరైనది" అని చెప్పేసింది. చెప్తే బరువు దిగుతుందనుకుంది. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకుని కిసుక్కుమన్నారు. చార్టులు చంకన పెట్టుకుని వరండాలో పోతున్న డ్రాయింగ్ మాస్టారు కిటికీలోంచి తొంగిచూసి, సంగతేమిటో తెలియకుండానే తనూ నవ్వాడు. దాంతో నవ్వులు రెట్టింపయ్యాయి.

గంట కొట్టాక కూతురు బయట ఆపింది.

"ఇంట్లో నాతో అంటే సరిపోయేది కదమ్మా. మళ్లీ అందరిలో నాన్నని నవ్వులపాలు చేశావ్."

బడిలో ఆ పిల్ల అమ్మా అని పిలవడం అదే మొదలు.

మధ్యాహ్నం డ్రాయింగ్ గదికి వెళ్లి, జరిగిందంతా భర్తకు చెప్పింది. ఆయన కుంచెలు కడుగుతూ విన్నాడు.

"పిల్ల బాగా చదివిందే" అన్నాడు.

గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆవిడకు. ఇంకేమైనా అంటాడేమోనని, ఈసారి పెదవి కదపకుండా, నేల చూస్తూ నిలబడింది. ఆయన ఇంకో కుంచె తీసి నీళ్లలో ముంచాడు.