బెంచీ కింద తొమ్మిది గీతలు

ఆ పొద్దున నా కూతురు సంచి సర్దుకుంటోంది. రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన, కాగితంలో చుట్టిన సగం అరిగిన సబ్బు. పనికి పోయే మనిషికి సబ్బెందుకు? ఎవరు సంచి సర్దినా నేను గుమ్మానికి అడ్డం నిలబడతాను. నా మొగుడు ఇలాగే సర్దుకుని వంతెన పనికి పోయాడు. నా తమ్ముడు ఇలాగే సర్దుకుని ఓడెక్కాడు. ఇద్దరి సంచులకీ మూతి కట్టింది నేనే.

“రెండు జతలెందుకే? సాయంత్రానికి ఇంట్లో ఉంటావు కదా?”

“ఉంటే మళ్ళీ తీసి పెట్టేస్తాలేమ్మా. నువ్వు ముందు ఆ మొహం సర్దుకో.”

నా కూతురు గూడ్సు యార్డులో హమాలీ. తనతో కలిపి పన్నెండు మంది ముఠాకి మేస్త్రి. ఆమె “పట్టు” అంటేనే మగవాళ్ళు కూడా బరువు కింద భుజం పెడతారు. నేను కాలవ పక్క బడిలో ఊడ్చే ఆయాని.

మా ఊళ్ళో సర్కారు బడులు రెండు. ఒకటి గుట్ట మీద, ఒకటి కాలవ పక్కన. రెండింటికీ ఒకే శాఖ, ఒకే రంగు బోర్డు. బోర్డు మీద రాసిన అబద్ధమూ ఒకటే, అందరికీ సమాన విద్య అని. గుట్ట బడిలో ఆఫీసర్ల పిల్లలు. పద్నాలుగు గదులు, ఫ్యాన్లు, గాజు అలమారాల్లో పుస్తకాలు, మైక్రోస్కోపులు. మా బడిలో మూడు గదులు, రెండు వందల నలభై మంది పిల్లలు, కూర్చోవడానికి గోనె పట్టాలు. దాహమైతే వీధి చివర కుళాయికి పోవాలి. వానొస్తే మూడో గదికి సెలవు. ఆ ఒక్క గదికే. శాఖవారి దయ అంతవరకే కారుతుంది.

ఏడాదికోసారి రాజధాని నుంచి తనిఖీ అధికారి వస్తాడు. మొదటిరోజు గుట్ట బడి చూస్తాడు, మర్నాడు మా బడి. ఈ రెండింటి మధ్యా గుట్ట మీది బెంచీలు లారీ ఎక్కి మా బడిలో దిగుతాయి. అరవై బెంచీలు, రెండు అలమారాల పుస్తకాలు, ఒక మైక్రోస్కోపు. ఆయన చూసి, ‘సామగ్రి తృప్తికరం’ అని రాసుకుని పోతాడు. సాయంత్రానికి అన్నీ మళ్ళీ గుట్టెక్కుతాయి. మోసేది నా కూతురి ముఠాయే. తమ పిల్లల బడికి బెంచీలు తెచ్చేదీ వాళ్ళే, పిల్లల్ని లేపి పట్టుకుపోయేదీ వాళ్ళే.

ఆ పుస్తకాల్లో ఒక ఓడ కథ ఉండేది. పిల్లలు పలకల మీద రాసింది తుడవబోయే ముందు చూసి చూసి నేను అక్షరాలు నేర్చుకున్నాను. తనిఖీనాడు పిల్లలు తిండికి పోయిన వేళ పది పేజీలు చదివేదాన్ని. తర్వాతి పది పేజీలకు ఏడాది ఆగాలి. ఎనిమిదేళ్ళయినా ఆ ఓడ రేవు చేరలేదు.

అంతకు ముందేడు తనిఖీనాడు నా మనవరాలు, నా కూతురి బిడ్డ చిట్టి, మైక్రోస్కోపుకి కన్ను ఆనించింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఉల్లిపొరలో గదులుంటాయని పాఠంలో విని చూడబోయింది. మా హెడ్మాస్టరు స్కేలుతో దాని వేళ్ళ కణుపుల మీద కొట్టాడు.

“చూడ్డానికి కాదే అది, చూపించడానికి!”

నేను చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నాను. మళ్ళీ ఊడవడం మొదలెట్టాను.

తర్వాత తల్లిదండ్రులంతా కలిసి బెంచీలు కావాలని అర్జీ పెట్టారు. జవాబొచ్చింది. యార్డులో మధ్యాహ్నం పని ఆపిన వేళ నేనే చదివి వినిపించాను: “మీ పాఠశాలలో అరవై బెంచీలు ఉన్నట్టు తనిఖీ పుస్తకంలో నమోదై ఉన్నది. అదనపు బెంచీల అవసరం కనిపించదు.”

ముఠాలో పెద్దవాడిని అందరూ నసుగుడు మామ అంటారు. ఆయనే మొదట మాటెత్తాడు.

“అంటే... మనం మోసుకొచ్చినందుకే మనకి రావట్లేదన్నమాట.”

“ఇన్నేళ్ళకి వెలిగింది మామకి!” ఎవరో నవ్వారు.

“నవ్వండ్రా. బెంచీ మీద కూచుంటే చదువొచ్చేస్తుందా?”

“రాదులే మామా,” అంది నా కూతురు. “నీ మనవడికి నడుం నొప్పి మాత్రం రాదు. అది నీకొచ్చింది చాలు.”

“గుట్ట మీది పిల్లలవి లాక్కుంటామా? వాళ్ళేం చేశారు?” మామ నసిగాడు.

“ఎవరిదీ లాక్కోం. తెచ్చినవి వెనక్కి ఎత్తం, అంతే. గుట్ట బడి నేల మీద కూచుంటే శాఖకి ఒక్కరోజు నిద్రపట్టదు. వాళ్ళకి ఎలాగూ కొత్తవి కొంటారు. మనకే కొనరు.”

“జైల్లో వేస్తారు మేస్త్రమ్మా.”

“వేస్తారు. సబ్బు తెచ్చుకోండి.”

తనిఖీ రోజు, నా కూతురు సంచి సర్దుకున్న ఆ పొద్దునే, బెంచీలు దిగాయి. పిల్లలు వాటి మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నారు, ఆనుకోవద్దని హెడ్మాస్టరు హుకుం. తనిఖీ అధికారి వచ్చాడు. ముక్కుకి రుమాలు, పక్కన ఊళ్ళోని విద్యాధికారి. కాలవ కంపు ఆయనకి ఒక గంట, మా పిల్లలకి పదేళ్ళు. ఆయన బెంచీలు చూశాడు, అలమారాలు చూశాడు. పిల్లల మొహాలు చూడలేదు, అవి సామగ్రి జాబితాలో లేవు.

పుస్తకం తెరిచి కలం తీసేసరికి నా కూతురు లోపలికొచ్చింది. ముందు వరస పిల్లల్ని లేపి, ఒంటి చేత్తో బెంచీని తిరగేసింది. చెక్క అడుగున తారుతో గీసిన తొమ్మిది గీతలు.

“ఏమిటిది?” అన్నాడు అధికారి.

“మా గుర్తండీ. విరిగే సామాను ఇటు తెచ్చిన ప్రతిసారీ మేం అడుగున ఒక గీత పెట్టుకుంటాం, తర్వాత మేమే విరగ్గొట్టామని అనకుండా. ఇవి గుట్ట బడి నుంచి తొమ్మిదిసార్లు వచ్చాయి. ఎనిమిదిసార్లు వెళ్ళాయి. తొమ్మిదో గీత ఇవాళ్టిది. ముట్టుకుంటే చేతికి అంటుకుంటుంది, చూడండి.”

విద్యాధికారి చెమట తుడుచుకున్నాడు. “చదువురాని మనుషులు సార్, ఏదో గీసుకుంటారు.”

“చదువురాని గీతే బాబూ. మీ చదువొచ్చిన రాతలాగా అబద్ధం చెప్పదు.”

నేనప్పుడు మాట్లాడాను. ఎలా మాట్లాడానో నాకు తెలియదు. “ఎనిమిదేళ్ళూ నేను చూశాను. ఊడ్చింది నేనే.”

తనిఖీ అధికారి తన వేలికంటిన తారు కేసి చూసుకున్నాడు. రుమాలుతో తుడుచుకున్నాడు. తర్వాత, చేతి గడియారం చూసుకుని, ‘తృప్తికరం’ అని రాసి, జీపెక్కాడు. మనిషన్నవాడికి సిగ్గుండే చోట ఆయనకి రుమాలుంది.

మధ్యాహ్నం హెడ్మాస్టరు లారీ వెనక తలుపు తెరిపించాడు. “ఎత్తండి.”

“ఎత్తం,” అంది నా కూతురు.

నసుగుడు మామ గుమ్మానికి అడ్డంగా కూలబడ్డాడు. “నాకు నడుం నొప్పి బాబూ,” అన్నాడు. ముఠా అంతా ఆయన పక్కనే కూర్చుంది. పిల్లలు బెంచీల మీంచి లేవలేదు. వీధిలోంచి తల్లులు వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు. గుట్ట బడి నుంచి పై తరగతి ఆడపిల్లలు నలుగురు దిగొచ్చారు. ఇవాళ నేల మీద కూర్చుంటే తమకి కాళ్ళు తిమ్మిరెక్కాయని, వీళ్ళు రోజూ ఎలా కూర్చుంటున్నారని అడిగి, వచ్చి గుమ్మంలో మామ పక్కన కూర్చున్నారు.

విద్యాధికారి ఇంకో యార్డు ముఠాని పిలిపించాడు. వాళ్ళ మేస్త్రి వచ్చి, తిరగేసి ఉన్న బెంచీ అడుగు చూసి, తలపాగా తీసి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు పోలీసులు వచ్చారు. ముందు గుమ్మంలో ఉన్నవాళ్ళని ఈడ్చారు. ఎత్తేవాళ్ళు లేక, చివరికి కానిస్టేబుళ్ళే బెంచీకి ఇద్దరు చొప్పున పట్టారు. మొదటి బెంచీ తలుపులో ఇరుక్కుంది. లాఠీ పట్టడం వచ్చినంతగా బరువు పట్టడం వస్తే కదా!

“పక్కకి వాల్చాలి నాయనా,” అని బయట్నుంచి అరిచింది నా కూతురు. “నేర్చుకోండి. మేం ఇక ఎత్తం, మీకే పని.”

వీధంతా నవ్వింది. ఆ నవ్వుకే ఇన్‌స్పెక్టరుకి మండిపోయింది. ఇరుక్కున్న బెంచీని అలాగే వదిలేసి పన్నెండు మందినీ వ్యానెక్కించారు. నేను సంచి పట్టుకుని పరిగెత్తి అందించాను. మూతి గట్టిగా కట్టాను.

“చిట్టిని లేవనివ్వకు,” అంది నా కూతురు. అంతే అంది.

చిట్టి లేవలేదు. ఆ బెంచీలూ, పుస్తకాలూ మళ్ళీ గుట్టెక్కలేదు. గుట్ట బడికి వారం తిరక్కుండా అరవై కొత్త బెంచీలొచ్చాయి. మా అర్జీకి లేని కలప వాళ్ళకి వారంలో ఎక్కడ మొలిచిందో! మరుసటేడు తనిఖీకి లారీ రాలేదు, వచ్చినా ఊళ్ళో ఏ ముఠా ఎత్తేది కాదు. ఇప్పుడు అంతా మూడో గది కప్పు కోసం కూర్చుంటున్నారు, వానలోనే. అర్జీ రాసేది నేను. ఓడ కథ మొత్తం చదివేశాను. ఓడ రేవు చేరింది.

ముఠాలో పదకొండు మంది సెప్టెంబరు ఇరవైన జైలు నుంచి తిరిగొచ్చారు. నా కూతురు జ్వరంతో పోయిందని రాసిన కాగితమూ, సంచీ అక్టోబరు తొమ్మిదిన ఇచ్చారు. నేను కట్టిన మూతి కట్టినట్టే ఉంది, సబ్బు తడవలేదు. నా కూతురు ఆగస్టు పదకొండున, మంగళవారం సాయంత్రం నాలుగింటికి వెళ్ళింది. తిరిగి రాలేదు.