మా బకెట్లో బీరపొట్టు

మా ఆవిడ సుబ్బులు పరువంతా ఒక ఆకుపచ్చ బకెట్లో ఇరుక్కుంటుందని తెలిసుంటే, ఆ బకెట్లు ఇంటింటికీ పంచేవాణ్ణే కాదు.

ముందు నా సంగతి చెబుతా. నా పేరు మల్లికార్జున్. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సినిమాల్లో కో-డైరెక్టర్‌ని. కో-డైరెక్టర్ అంటే, డైరెక్టర్ గారు నెమ్మదిగా చెప్పినదాన్ని సెట్ అంతా అదిరేలా అరిచి చెప్పేవాడు. జూనియర్ ఆర్టిస్టుల మీద అరవడం, హీరో గారు షాట్ చేశాక "అద్భుతం సార్" అనడం, ఈ రెండే నాకు వచ్చిన విద్యలు. రిటైరయ్యాక అరవడానికి ఇంట్లో అవకాశం తక్కువైపోయి, ఫిల్మ్‌నగర్‌లో మా కాలనీ సంఘానికి సెక్రటరీనయ్యాను.

సుబ్బులు అలా కాదు. ఆవిడకి ఈ చుట్టుపక్కల పరిచయం అక్కర్లేదు. నా వెంట సెట్‌కి వచ్చే క్యారియర్ కోసం కెమెరామన్ దగ్గర్నుంచి లైట్‌మెన్ దాకా కాచుకుని కూర్చునేవాళ్ళు. నన్ను సినిమాకి పెట్టుకునేది ఆ క్యారియర్ కోసమేనని నా వెనకాల అనుకునేవాళ్ళు. మొహం మీద అన్నవాళ్ళూ ఉన్నారు. ఇప్పటికీ కాలనీలో ఎవరింట్లో ఏ శుభకార్యం జరిగినా పులిహోర కలపడానికి సుబ్బులు చెయ్యి పడాల్సిందే. ఆవిడకున్న ఆస్తల్లా ఆ పేరే. నగలు కావాలని ఏనాడూ అడగలేదు గానీ, మా ఇంటికొచ్చినవాళ్ళు రెండోసారి వడ్డించుకోకపోతే మాత్రం ఆ రోజంతా మొహం మాడ్చుకుని తిరిగేది.

ఇక చెత్త దగ్గరికొద్దాం. మా కాలనీది మామూలు చెత్త కాదండీ. సినిమా మొదలైతే కొబ్బరి పీచూ బంతిపూలూ, పూర్తయితే పగలగొట్టిన గుమ్మడికాయలూ. పెద్ద ఇళ్ళవాళ్ళు లాన్ కత్తిరిస్తే గడ్డి, బోగన్‌విల్లా కొమ్మలు. వీటికి తోడు ప్రతి వంటింట్లోంచీ మిగిలిన అన్నం, పాచి కూరలు. అన్నీ ఒకే కవర్లో కుక్కి వీధి మలుపులో పడేసేవాళ్ళు. కుక్కలు చింపి పంచిపెట్టేవి. అందుకని సంఘంలో తీర్మానం చేశాం. వంటింటి తడి చెత్తా, తోట చెత్తా వేరుగా తీసుకుంటాం, పార్కు వెనక గుంతల్లో వేసి ఎరువు చేస్తాం. ఇంటికో ఆకుపచ్చ బకెట్. పొద్దున్నే షేక్‌పేట నుంచి కౌసల్య ఆటో వేసుకుని వస్తుంది, బకెట్ ఆవిడ చేతికివ్వాలి. అంతే.

అంతేనా? ఒక నిర్మాత గారి డ్రైవరు ఆ బకెట్‌తో కారు కడుగుతున్నాడు. ఇంకొకళ్ళు అందులో తులసి మొక్క నాటారు. ఒక ఆర్ట్ డైరెక్టర్ ఇంటి నుంచి బుట్టెడు మామిడాకులొచ్చాయి, చూడముచ్చటగా ఉన్నాయి. ఎన్నాళ్ళు గుంతలో ఉన్నా వాడవే. తీరా తీసి చూస్తే ప్లాస్టిక్, ఏదో పెళ్ళి సీనుకి వాడిన తోరణాలు. నేను ఇంటింటికీ తిరిగి గొంతు పోయేలా అరిచాను. మొత్తానికి దారికొచ్చారు.

ఒకరోజు పొద్దున ఆటో పక్కన నిలబడి అందరి బకెట్లూ తనిఖీ చేస్తున్నాను. కౌసల్య మా బకెట్ మూత తీసి ఆగిపోయింది.

"సార్, అందరిండ్లకెల్లి తొక్కలొస్తున్నయి. మీ ఇంట్లకెల్లి ఉత్త ఆకులే వస్తున్నయి. అమ్మ వండుతలేదా ఏంది?" అంది.

అక్కడ చాలామంది ఉన్నారు. పక్కింటి మేధ కూడా ఉంది. వండకపోవడమేంటి, మా ఇంట్లోనా? నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే ఇంటికొచ్చి సుబ్బులు మీద పడ్డాను. "సెక్రటరీ ఇంటి బకెట్లో ఎండు కొమ్మలా? తొక్కలన్నీ పాత అలవాటు కొద్దీ కవర్లో కట్టి పారేస్తున్నావు కదూ? ఊరందరికీ చెప్పి నేను నా ఇంట్లో ఓడిపోవాలా?"

"రేపట్నుంచి వేస్తాలెండి" అంది, నా వైపు చూడకుండా.

నేను ఒకటంటే తను నాలుగనే మనిషి. ఆ రోజు అంతకుమించి ఒక్క మాట అనలేదు. నేనేమో గెలిచాననుకుని కాఫీ అడిగాను.

మర్నాటి నుంచి మా బకెట్ నిండుగా ఉండేది. ఆనపకాయ చెక్కు, అరటికాయ తొక్కలు, బంగాళాదుంప పొట్టు. నేను మూత తీసి దారిన పోయేవాళ్ళకి కూడా చూపించేవాణ్ణి.

ఇంతలో మొదటి గుంతలో ఎరువు తయారైంది. వచ్చే ఆదివారం పార్కులో ఇంటికో సంచీ పంచుదామనీ, ఆ రోజు అందరికీ సుబ్బులు ఆంటీ పులిహోర అనీ మేధ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. కిందంతా చప్పట్ల బొమ్మలే. నేనూ పెట్టాను. సుబ్బులుకి చెబితే, "ఆదివారం నాకు ఒంట్లో బాగుండదు" అంది. ఒంట్లో బాగుండదని అన్ని రోజుల ముందే ఎలా తెలుస్తుందో నాకు అర్థం కాలేదు.

ఆ మర్నాడే మధ్యాహ్నం గుత్తొంకాయ కూరతో సుష్ఠుగా భోంచేశాను. చెయ్యి కడుక్కుంటూ, అలవాటు కొద్దీ, బకెట్ మూత ఎత్తి చూశాను. లోపల పచ్చగా, తాజాగా బీరపొట్టు.

నా చెయ్యి అలాగే ఆగిపోయింది. ఎందుకో మీకు చెప్పాలి. మా ఇంట్లో బీరకాయ కొంటే మొదటి మర్యాద పొట్టుకే. నువ్వులూ పచ్చిమిరపకాయలూ వేయించి, చింతపండు పెట్టి నూరితే, అసలు కూరని పక్కకి నెట్టి ఆ పచ్చడితోనే అన్నం తినేస్తాం. మా పెళ్ళయిన దగ్గర్నుంచి బీరపొట్టు మా గుమ్మం దాటి బయటికెళ్ళలేదు. అలాంటిది చెత్తబకెట్లోనా?

"సుబ్బులూ, ఇదేంటి?"

"బీరపొట్టు."

"కనపడుతోంది. ఇక్కడెందుకుంది?"

చీరకొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "అది మనది కాదు" అంది.

"మన బకెట్లో ఉన్నది మనది కాకపోతే ఎవరిది?"

"మేధ వాళ్ళది. మొక్కలకి వేస్తానని చెప్పి రోజూ వాళ్ళింటి తొక్కలు తెచ్చుకుంటున్నా."

ఇంకేదో అరవబోయాను. ఆవిడ వంటింట్లో పీట మీద కూలబడింది. అప్పుడు చెప్పింది. చలికాలంలో జ్వరం వచ్చి తగ్గింది కదా, ఆ తర్వాత నుంచి వాసనలు తెలియట్లేదట. కాఫీ పొడి డబ్బాలో ముక్కు పెట్టినా ఏమీ లేదట. నోటికి రుచులు కూడా సరిగా పట్టట్లేదట. ఒకసారి పప్పుచారులో ఉప్పు మీద ఉప్పు వేసింది. ఆ రోజు భోజనానికి వచ్చిన మేధా, వాళ్ళాయనా ఒక్క ముద్ద తిని ఏమీ అనకుండా మంచినీళ్ళు తాగారట.

"మీరు మాత్రం అద్భుతం అన్నారు" అంది.

అప్పట్నుంచి ఇంట్లో అన్నం తప్ప ఏదీ ఉడకలేదు. నేను పార్కులో గుంతల దగ్గర అరుచుకుంటున్న టైములో షేక్‌పేట వైపు ఆటోలో వెళ్ళి, కర్రీ పాయింట్ నుంచి కూరలు తెచ్చి మా గిన్నెల్లోకి మార్చేది.

"మరి ఇవాళ్టి గుత్తొంకాయ?"

"వాడిదే. లొట్టలేసుకుంటూ తిన్నారు." ఆవిడ ఖాళీ కూరగిన్నెని పక్కకి నెట్టింది. "ముక్కు పోయిందని నేను ఏడవలేదండీ. ఇన్నేళ్ళూ నేను వండిందీ, వాడెవడో వండిందీ మీకు ఒకటే అయింది చూడండి, అదీ నా ఏడుపు. నా చేతిలో ఏదో ఉందనుకున్నా. ఏమీ లేదన్నమాట."

జీవితంలో మొదటిసారి నాకు అరుపు రాలేదు. మోకాళ్ళు సహకరించకపోయినా ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను.

"నేను కూర తినట్లేదు సుబ్బులూ. నువ్వు పెడుతుంటే తింటున్నా. నువ్వు వడ్డించాక, ఎవరు వండారని నా నాలుక అడగడం మానేసింది. నాకు తెలిసింది ఇంతే."

"డైలాగ్ బాగుంది" అంది కళ్ళు తుడుచుకుంటూ. నమ్మలేదు.

ఆదివారం మాటేంటి మరి? కేటరింగ్ వాడికి చెబుతా, ఎవరికీ తెలియదు అన్నాను. ఆవిడకి కోపం ముంచుకొచ్చింది. "మీకు పెట్టానంటే మొగుడు కాబట్టి. వాడి పులిహోర కాలనీ అందరికీ పెట్టి నా పేరు చెప్పుకోమంటారా?" పోనీ మానేద్దాం అన్నాను. "ఇప్పుడు మానేస్తే ఇక నేను పొయ్యి దగ్గరికి వెళ్ళలేనండీ" అంది నెమ్మదిగా. ఆ మాటకి నాకు భయమేసింది. వంట లేని సుబ్బులు ఎలా ఉంటుందో నేను ఊహించుకోలేను.

"అయితే నువ్వే వండు. రుచి నేను చూస్తా."

"మీరా? మీకు అద్భుతం తప్ప ఇంకో మాట వచ్చా?"

మర్నాడు ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టాలి అన్నాడు. అటునుంచి అటే కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చి వంటింట్లో దూరాం.

మొదట చారు గరిటెలో పోసిచ్చింది. తాగి బాగుందన్నాను. గరిటె ఠక్కున కింద పెట్టింది. "బాగుంది కాదు. ఉప్పు సంగతి చెప్పండి, పులుపు సంగతి చెప్పండి." ఎంత కష్టమో తెలుసా అండీ అది? కళ్ళు మూసుకుని, నోట్లో తిప్పి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సెట్లో వందమందిని తిట్టగలను గానీ, ఆవిడ వంట మీద ఒక్క మాట అనడానికి నాకు నోరు పెగల్లేదు. చివరికి అనేశాను.

"చప్పగా ఉంది."

పెళ్ళయ్యాక మొదటిసారి అన్నాను ఆ మాట. కొడుతుందేమో అనుకున్నా. సుబ్బులు మొహం విప్పారింది. "హమ్మయ్య, ఇక మిమ్మల్ని నమ్మొచ్చు" అంది.

ఆదివారం పొద్దున పెద్ద బేసిన్‌లో అన్నం ఆరబోసింది. పోపులో ఆవాలు చిటపటలాడడం చెవితో పట్టుకుంది, మిరపకాయల రంగు కంటితో చూసుకుంది. వాసన వంతు నాది. "మాడబోతోంది, దించు" అని అరిచాను. నా అరుపు మొట్టమొదటిసారి ఇంట్లో ఒక పనికొచ్చింది. పులుపు తగ్గిందన్నాను, చింతపండు గుజ్జు కలిపింది. ఆవపిండి ఇంకాస్త అన్నాను, వేసింది. ఉప్పు దగ్గర పోట్లాడుకున్నాం. చివరికి నా మాటే నెగ్గింది.

పార్కులో ఎరువు కుప్పగా పోసి ఉంది. నల్లగా, పొడిపొడిగా. మా కాలనీ మొహానికి ఇంత మంచి వస్తువు వస్తుందని ఎవరూ అనుకోలేదు. కారు కడిగిన డ్రైవరు కూడా రెండు సంచులు పట్టుకుని వచ్చాడు. పులిహోర బేసిన్ దగ్గర వరస కట్టారు. సుబ్బులు ఎవరి ప్లేటూ చూడట్లేదు, అందరి మొహాలూ చూస్తోంది. మేధ తిని, మళ్ళీ వచ్చి ప్లేటు చాపింది.

"మీ చెయ్యి పడితే అంతే ఆంటీ" అంది.

సుబ్బులు గరిటె పక్కన పెట్టింది. "చెయ్యి నాదేనమ్మా. ముక్కూ నాలుకా మీ అంకుల్‌వి. చలికాలం నుంచి నాకు వాసనలు తెలియట్లేదు. నీ దగ్గర తెచ్చుకున్న తొక్కలు మొక్కలకి కాదు, మా బకెట్ ఖాళీగా కనపడకుండా వేసుకున్నా. ఆ రోజు నువ్వు పప్పుచారు తిని నీళ్ళు తాగి ఊరుకున్నావు చూడు, చెప్పుంటే బాగుండేది."

మేధ ప్లేటు పట్టుకునే ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. కౌసల్యే ముందుగా నోరు విప్పింది. "గట్లయితే అమ్మా, సార్‌ని ఇగ మా మీద ఒర్లనియ్యకు. నాలుక జర జాగ్రత్తగుండాలె" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఏం చేస్తాను.

అందరూ సంచులు మోసుకుని వెళ్ళిపోయాక బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. అందరికీ పెట్టాక తినడం ఆవిడ పద్ధతి. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. మొహంలో ఏ మార్పూ లేదు.

"ఏమైనా తెలుస్తోందా?"

తల అడ్డంగా ఊపింది. "మెత్తగా ఉంది. పల్లీ పంటికింద పడుతోంది. అంతే. మీరు చెప్పండి, ఎలా ఉంది?"

ఆవిడ ప్లేట్లోంచే ఒక ముద్ద తీసుకున్నాను. "ముందు పులుపు తగిలింది, బుగ్గల్లో. దాని వెంటే ఉప్పు. ఇప్పుడు పల్లీ కొరికా, నూనె కమ్మగా దిగుతోంది. కరివేపాకు కరకరలాడింది, కొంచెం చేదు. ఆవఘాటు ముక్కుకి ఎక్కుతోంది, కళ్ళల్లో నీళ్ళు తెప్పిస్తోంది."

కళ్ళల్లో నీళ్ళు ఆవఘాటుకి కాదు. ఆవిడకి తెలుసు. కళ్ళు మూసుకుని, నా మాటలతో పాటే నములుతోంది.

"ఇంగువ?" అంది.

"ఉంది. అన్నీ అయిపోయాక వచ్చింది."

"ఆఁ, అప్పుడే రావాలి" అంది. కళ్ళు తెరవకుండానే ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఊఁ, చెప్పండి."