తాటిపత్రి సంచి

సత్తవ్వ ఆసిఫాబాద్ దిక్కు గూడేలల్ల ఆశా కార్యకర్త. పన్నెండేండ్ల సంది అదే పని. గర్భిణుల పేర్లు రాసుకునుడు, పసిపిల్లల బరువు చూసుడు, జ్వరం గోలీలు ఇచ్చుడు, నొప్పులు మొదలైనోళ్లను దవాఖానకు తోలుకపోవుడు. మూడు గూడేలు తిరగాలంటే రెండు ఒర్రెలు దాటాలె. ఒక ఏడు వానకాలం, మోకాలులోతు నీళ్లల్ల ఒర్రె దాటుతుంటె భుజం మీది సంచి పట్టీ పుటుక్కున తెగింది. గోలీల డబ్బా, బీపీ మిషన్ చేతికందినయి. రిజిస్టర్ మాత్రం కొట్టుకపోయింది. అండ్ల ఇరవై ముగ్గురు గర్భిణుల వివరాలున్నయి. మళ్ల ఇల్లిల్లు తిరిగి అవన్ని రాసుకునేసరికి పద్దెనిమిది రోజులు పట్టింది.

ఈ ముచ్చట ఆమె తన మేనకోడలు జ్యోతిరాణికి చెప్పింది. జ్యోతిరాణి మంథనిల బస్టాండ్ వెనక దుకాణం పెట్టుకుని బట్టలు కుడుతది.

"ఏడాదికి మూడు సంచులు మారుస్తున్న బిడ్డా. అన్ని గంతే. చూడనీకె మెరుస్తయి, రెండు వానలు పడితె పట్టీ ఊడుతది."

"నేను కుడుత అత్తా. తెగని సంచి కుడుత" అన్నది జ్యోతిరాణి.

మాటైతె ఇచ్చింది గని కొత్త రెగ్జిన్ కొనబుద్ధి కాలే. చినిగిన రెగ్జిన్ సంచులు గోదారి ఒడ్డున కుప్పలు పడి ఉండుడు ఆమె రోజు చూసేదే. ఇంకోటి అండ్ల కలుపుడెందుకు? పారేసిన దానితోనే గట్టి సంచి చెయ్యాలె అనుకున్నది.

ఊర్ల ఎక్కడ చూసినా ఫ్లెక్సీలే. పుట్టినరోజులయి, ఓట్లప్పటియి. అడిగితె ఊకెనే ఇచ్చిండ్రు. బొమ్మలు లోపలికి, తెల్లదిక్కు పైకి వచ్చేటట్టు కత్తిరించి రెండు రోజులల్ల సంచి కుట్టింది. ఫోన్ల ఫొటో పెడితె తెలిసినోళ్లందరు మెచ్చుకున్నరు. చెత్తను పనికొచ్చేటట్టు చేసినవని పొగిడిండ్రు. సత్తవ్వ ఆ సంచి భుజానేసుకుని పోతుంటె జ్యోతిరాణికి ఛాతీ ఉప్పొంగింది.

ఎండకాలంల ఆసిఫాబాద్ పోయినప్పుడు, అత్తోళ్లింట్ల గోడకు ఏలాడుతున్న ఆ సంచిని చూసింది. మడతలున్న కాడల్లా పూత పగిలింది. పగుళ్ల మీద దెబ్బలకు అతికిచ్చే తెల్లపట్టీలు వరుసగ అతికిచ్చి ఉన్నయి.

"అత్తా, గిదేంది? నాకెందుకు చెప్పలే?"

"ఏం లేదు తియ్ బిడ్డా. జర పగిలింది. నడుస్తది."

ఆ మాట జ్యోతిరాణికి గట్టిగ తగిలింది. తిట్టినా బాగుండు అనిపించింది. మెప్పు కోసం ఆగమాగంగ కుట్టిన, ఎన్ని రోజులు ఉంటదో చూడనే లేదు అనుకున్నది.

ఆ సంచి పట్టుకుని సీదా సిరిసిల్లకు, బాపు దగ్గరికి పోయింది. రాజలింగు మరమగ్గాల మీద పనిచేస్తనే తల నెరిసినోడు. సంచిని చేతులకు తీసుకుని, పగిలిన కాడ గోరుతోని పూత గీకిండు. లోపల సన్నటి వల బయటపడ్డది.

"చూడు బిడ్డా. దారాలు ఒకదానికొకటి ఎంత దూరమున్నయో. గట్టితనమంత పూతదే, దారానిది కాదు. ఎండకు పూత పెళుసైతది. ఇగ పట్టి ఉంచనీకె లోపల ఏమున్నది?"

"మరి ఏం పెట్టాలె బాపూ?"

రాజలింగు సంచిని పక్కకు పెట్టిండు. "ఏండ్ల కొద్ది ఎండల, వానల పనిచేసి కూడ చినగని బట్ట ఏదున్నదో ఎతుకు. గదే నీకు కావాల్సింది."

బస్సుల మంథనికి వస్తుంటె, ముంగట పోతున్న బొగ్గు లారీ మీద కప్పిన తాటిపత్రి కనిపించింది. మందపు నూలు బట్ట. ఆమె భర్త సంపత్ గోదావరిఖనిల లారీల షెడ్డుల మెకానిక్. ఇంటికి రాంగనే అడిగింది. అంచులు చినిగినయి మూలకు పడేస్తరని చెప్పి, సంపత్ వారం తిరగకముందే నాలుగు తెచ్చిండు.

మూడుసార్లు సోడావేసి ఉతికినా నల్లనీళ్లు ఆగలే. "బొగ్గుబాయిల దిగకుంటనే నన్ను బొగ్గు మనిషిని చేసినవు" అని నవ్విండు సంపత్, మోచేతుల దాక మసితోని.

రాజలింగు కూడ సిరిసిల్ల నుంచి వచ్చిండు. ఉతికి ఆరేసిన బట్టను ఎండకు అడ్డంపెట్టి చూసేటోడు. ఎలుతురు చుక్క కనిపిస్తె చాలు, సున్నపుముక్కతోని గీత గీసి పక్కకు పెట్టేటోడు. సగానికి సగం పోయింది.

"గింత చిన్న చిల్లే కద బాపూ" అన్నది జ్యోతిరాణి.

"నా చెల్లె ఒర్రెల నిలవడ్డప్పుడు గా చిల్లే పెద్దగైతది" అన్నడాయన.

పట్టీలకు పెద్దపల్లి పాతసామాన్ల దుకాణంల, పాడైన కార్ల సీటుబెల్టులు దొరికినయి. లోపలి అరలకు రాజలింగు మగ్గం కాడ మిగిలిన నూలుబట్ట ముక్కలు తెచ్చిండు. కని తాటిపత్రి నాలుగు మడతలైతె మిషన్ సూది ఆగలే. రెండు సూదులు ఇరిగినయి. పట్టీలు కలిసే కాడ రాజలింగే మైనం రాసిన దారంతోని, దబ్బనంతోని చేతికుట్టు వేసిండు.

మొదటి సంచిల తడి ఇసుక నింపి కొండికి ఏలాడదీసిండ్రు. పది రోజులైనా పట్టీ కదల్లే. తర్వాత నీళ్ల తొట్టిల పెడితె అడుగు కుట్టులకెల్లి నీళ్లు ఊరినయి. జ్యోతిరాణి రాత కాగితం మీద సంచి బొమ్మ మళ్ల మళ్ల గీసి, అడుగున కుట్టే లేకుండ ఒకటే ముక్కను మడిచి, కుట్లన్ని పక్కలకు, పైకి తెచ్చింది. రెండోది జర ఊరింది. మూడోది ఊరలే.

ఆ మూడో సంచి సత్తవ్వ వానకాలమంత మోసింది.

వానలు ఎనుకవట్టినంక ఆసిఫాబాద్‌ల ఆశా కార్యకర్తల మీటింగ్ అయింది. కొత్త సంచులు ఇయ్యాలని ఒక ఆఫీసరు బల్ల మీద నాలుగైదు నమూనాలు పెట్టించిండు. సత్తవ్వ పిలిస్తె జ్యోతిరాణి కూడ వచ్చి చివర కూసున్నది. ఆమె నోరు తెరవకముందే సత్తవ్వ లేచింది.

"సార్, నా సంచి కూడ జర చూడున్రి."

చెంబెడు నీళ్లు తెచ్చి సంచి మీద గుమ్మరించింది. మూత తీసి రిజిస్టర్ బయటికి తీసి ఆఫీసరు చేతిల పెట్టింది. ఆయన పేజీలు తిప్పిండు. అక్షరం చెదరలే.

"నాలుగు నెలలు మోసిన సార్. ఒర్రె ఎన్నిసార్లు దాటిన్నో లెక్కలేదు."

ఆఫీసరు సంచి తిప్పి, పట్టీ గుంజి చూసిండు. "ఎవరమ్మా కుట్టింది?" సత్తవ్వ మేనకోడలిని చూపెట్టింది. "నువ్వా? నెలకు మూడు వందల సంచులు ఇయ్యగలవా?"

హాలంత జ్యోతిరాణి దిక్కు చూసింది. సత్తవ్వ కండ్లతోనే ఒప్పుకో అన్నది.

"లేదు సార్. నలభై ఇస్త" అన్నది జ్యోతిరాణి. "మంచి తాటిపత్రి అంతనే దొరుకుతది. చిల్లులున్న ముక్కలు కలిపితె మూడొందలైతయి. కని గవి రెండేండ్లు ఉండయి. మళ్ల చెత్తల్నే పడుతయి."

ఆఫీసరు సత్తవ్వ సంచిని మళ్ల చేతులకు తీసుకున్నడు. "సరే. ఒర్రెలు, వాగులు దాటేటోళ్లకు ముందు ఇయ్యి. తక్కినోళ్లకు నెల నెలా ఇద్దువు."

మొదటి నలభై సంచులు పంచే రోజు రాజలింగు కూడ బిడ్డతోని ఆసిఫాబాద్ వచ్చిండు. ఆడోళ్లు సంచుల సామాను సర్దుకుని, భుజాలకు తగిలించుకుని ఒకలెనక ఒకలు గేటు దాటుతుంటె ఆయన పక్కన నిలబడి చూస్తుండు.

"ముప్పై ఏండ్లు తాన్లకు తాన్లు బట్ట నేసిన బిడ్డా. లారీ ఎక్కినంక ఎవల దగ్గరికి పోయిందో ఎన్నడు తెల్వలే. గిట్ల కండ్లార చూసుడు ఇదే."

ఒకామె ఆగి, పట్టీ కాడ చేతికుట్టు మీద వేలు రాసుకుంట అడిగింది. "పెద్దయ్యా, గీ కుట్టు నీదేనట కద? చినిగితె నీ దగ్గరికే తేవాల్నా?"

"తే బిడ్డా, కుట్టిస్త" అన్నడు రాజలింగు, నడుం నిటారుగ చేసుకుని. "కని చినగదు."