ఆత్మకూరు దాటాక కరిగిన ఐసు

ఆ ఏడు ఎండాకాలం మొదట్లోనే వరప్రసాదానికి అనుమానం పుట్టింది. నెల్లూరు నుంచి వచ్చిన వ్యాను ఉదయగిరిలో ఆయన షెడ్డు ముందు ఆగేసరికి ఐసుదిమ్మలు లెక్కకు సరిగ్గానే ఉండేవి, సైజుకు మాత్రం ఉండేవి కావు. ఫ్యాక్టరీలో ఇద్దరు పట్టి ఎత్తే దిమ్మను ఇక్కడ తానొక్కడే ఎత్తుకుని దించగలుగుతున్నాడు. ఎండకు ఐసు కరగడం మామూలే. ఇంతగా కరగడం మాత్రం మామూలుగా లేదు.

వరప్రసాదానిది మొదట సోడాబండి. కరెంటు కోతలు ముదిరి, ఊళ్లో కూల్‌డ్రింకు షాపుల ఫ్రిజ్జులు ఉత్త బీరువాల్లా మారాక ఐసుకు గిరాకీ వచ్చింది. బండి అమ్మేసి ఐసు వ్యాపారంలోకి దిగాడు. అయితే ఉదయగిరికి కావలసిన ఐసుతో వ్యాను నిండదు. సగం వ్యాను ఖాళీగా వచ్చినా బాడుగ మాత్రం మొత్తం ఇవ్వాలి. సరిగ్గా అదే ఇబ్బంది ఆత్మకూరులో రామనారాయణకు ఉంది. ఆయన సోమశిల డ్యాము చేపలు కొని బయటి ఊళ్లకు పంపుతాడు, షాపులకు ఐసు కూడా వేస్తాడు. ఇద్దరూ నెల్లూరులో ఐసు ఫ్యాక్టరీ దగ్గర కలిసి, ఒకే వ్యాను మాట్లాడుకున్నారు. ఎవరి దిమ్మల డబ్బు వాళ్లది. వ్యాను బాడుగ, దిమ్మల చుట్టూ కూరే ఊక, పైన కప్పే టార్పాలిన్ చెరిసగం. మాట అంతటితో అయిపోయింది. ఇంకా మాట్లాడుకోవలసింది ఏమైనా ఉందని అప్పుడు ఇద్దరికీ తోచలేదు.

వ్యాను ముందు ఆత్మకూరులో ఆగి రామనారాయణ దిమ్మలు దించుతుంది. మిగతావి ఉదయగిరి వస్తాయి. డ్రైవరు ఆదెయ్య మాట తక్కువ మనిషి. అడిగినదానికి జవాబు చెబుతాడు, అడగనిది చెప్పడు.

రేపటికి ఎన్ని దిమ్మలు కావాలో ఈరోజు సాయంత్రమే నెల్లూరుకు ఫోను చెయ్యాలి. వరప్రసాదం ఎస్టీడీ బూత్‌కు పోయేముందు రోడ్డు మీద నిలబడి కొండ వైపు చూసేవాడు. మబ్బు పట్టేలా ఉంటే చెరుకురసం బండ్లకు బేరాలుండవు. ముహూర్తాలుంటే పెళ్లివాళ్లు వస్తారు, కానీ చివరి నిమిషంలో వస్తారు. ఎక్కువ చెప్పి మిగిలితే ఆ సొమ్మంతా నీళ్లయి వీధిలోకి పారుతుంది. తక్కువ చెబితే షాపులవాళ్లు ఎగతాళి చేస్తారు, మళ్లీ రారు. ఈ ఊహ తప్పడం ఒకెత్తు, వచ్చిన దిమ్మే అరదిమ్మగా రావడం ఇంకొకెత్తు.

"ఆ రామనారాయణ నిన్నటి మిగులు దిమ్మలు మనవాట్లో కలిపి, కొత్తవి దించుకుంటుండాడు" అన్నాడు భార్య హన్నమ్మతో.

"చూసినావా?"

"చూడాల్నా? లెక్క సరిపోద్ది, సైజు సరిపోదు. ఇంకేం జరుగుద్ది?"

హన్నమ్మకు ఆ మాట కొట్టిపారేయాలని ఉన్నా, దిమ్మలు ఆమె కళ్లెదుటే ఉన్నాయి.

మే నెలలో లిదియమ్మ టీచరు చనిపోయింది. వరప్రసాదానికి, హన్నమ్మకు, ఆ వీధిలో సగం మందికి అక్షరాలు నేర్పిన మనిషి. ఒక్కడే కొడుకు జోయల్, మిలిటరీలో ఎక్కడో ఉత్తరాన ఉన్నాడు. టెలిగ్రాం ఇచ్చారు. తను వచ్చేదాకా సమాధి చేయకుండా ఉంచమని జోయల్ ఫోను చేశాడు. చర్చి సంఘం పెద్దలు వరప్రసాదం దగ్గరికి వచ్చి, ఎల్లుండి సాయంత్రం దాకా ఐసు నువ్వే చూసుకోవాలన్నారు.

ఆయన బూత్‌కు బయలుదేరుతుంటే హన్నమ్మ అంది: "రెండు దిమ్మలు ఎక్కువే చెప్పు."

"పిల్లోడు రేపే వచ్చేస్తే వాటినేం చేసుకుంటాం? షాపులకు తగ్గించి టీచరమ్మకు సర్దుతాలే."

మర్నాడు వ్యాను వచ్చింది. తలుపు తెరిస్తే దిమ్మలు పలకల్లా పల్చబడి ఉన్నాయి. షాపులకు అసలు ఇవ్వకుండా అన్నీ టీచరమ్మ ఇంటికే మోయించాడు. గోనెలు కప్పాడు, కిటికీలకు తడిగుడ్డలు కట్టించాడు. ఎన్ని చేసినా అవి రాత్రి గడిచేవరకే వచ్చాయి. రెండోరోజు వ్యాను మధ్యాహ్నానికి గానీ రాదు. పొద్దెక్కేసరికి పాస్టరు గారు వరప్రసాదాన్ని పక్కకు పిలిచి, ఇక ఆగితే బాగుండదన్నారు. వ్యాను వచ్చేలోపే సమాధి చేసేశారు.

జోయల్ సాయంకాలం బస్సు దిగాడు. సమాధుల దగ్గరికి పోయి, అటునుంచి తిన్నగా ఐసు షెడ్డుకు వచ్చాడు. చేతిలో ఇంకా ట్రంకుపెట్టె ఉంది.

"ఒక్కపూట ఆగలేదా మామా?" అన్నాడు. కోపంగా అనలేదు.

వరప్రసాదం ఆ పెట్టె అందుకుని కింద పెట్టాడు. హన్నమ్మ చూపు తన మీద ఉందని తెలిసి అటు తిరగలేదు. రెండు దిమ్మలు ఎక్కువ చెప్పి ఉంటే సరిపోయేవేమో. ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ దాన్ని ఆత్మకూరు మీదికి తోసేశాడు. పూర్తి దిమ్మలు వచ్చి ఉంటే ఆ రెండింటి అవసరమే ఉండేది కాదు గదా. ఆ రోజు నుంచి రామనారాయణ మీద ఉన్నది అనుమానం కాదు, ఖాయమైన మాట. ఇక కావలసింది పట్టుకోవడమే.

వారం తిరక్కుండా నెల్లూరు పోయాడు. ఫ్యాక్టరీలో దిమ్మలు పోసే మనిషిని బతిమాలి, తన దిమ్మల్లో నీళ్లు గట్టిపడేముందు ఎర్రదారం ముక్క వేయించే ఏర్పాటు చేసుకున్నాడు. రామనారాయణ దిమ్మ మారిస్తే దారం లేని దిమ్మ ఉదయగిరికి వస్తుంది. అప్పుడిక తప్పించుకోలేడు.

వ్యాను వచ్చింది. దిమ్మలు ఒక్కొక్కటే ఎండకు పట్టి చూశాడు. ప్రతిదాంట్లోనూ ఎర్రదారం ఉంది. దిమ్మలు మాత్రం ఎప్పట్లాగే పల్చగా ఉన్నాయి.

"మార్చలేదు మరి" అంది హన్నమ్మ.

"ఫ్యాక్టరీవోడు ముందే చెప్పుంటాడు ఆయనకు. జాగ్రత్తపడినాడు."

"మరి సైజెందుకు తగ్గింది?"

వరప్రసాదానికి అనుమానం తగ్గకపోగా, అది ఫ్యాక్టరీ మనిషిని, ఆదెయ్యను కూడా కలుపుకుంది. ఎటూ చిన్న దిమ్మలే వస్తాయని ఆర్డరు పెంచాడు. పెంచిన రోజే గాలీవానా వచ్చింది. చెరుకురసం బండ్లవాళ్లు పట్టాలు కప్పుకుని ఇంటికి పోయారు. తెచ్చిన ఐసంతా షెడ్డు గడప దాటి కాలవలోకి పారుతుంటే, దానికీ రామనారాయణనే తిట్టుకున్నాడు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా పొద్దున బస్సెక్కి ఆత్మకూరులో దిగాడు. రామనారాయణ షెడ్డుకు ఎదురుగా ఉన్న టీకొట్టులో, తడిక చాటున బెంచీ మీద కూర్చున్నాడు. తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. టీ చల్లారిపోయింది, తాగలేదు.

వ్యాను వచ్చి వెనక్కి తిరిగి నిలబడింది. కూలీలు టార్పాలిన్ తీసి రామనారాయణ దిమ్మలు దించారు. వరప్రసాదం కళ్లతో లెక్కపెట్టుకున్నాడు. సరిగ్గానే దించారు. తలుపు మూస్తారనుకున్నాడు. మూయలేదు. రామనారాయణే వ్యాను ఎక్కాడు. ఒక కూలీ ఖాళీ గోనెలు అందించాడు. లోపల ఏదో ఎత్తుతున్న చప్పుడయింది. కాసేపటికి నిండిన గోనెలు ఒకటొకటిగా బయటికి వచ్చాయి.

నా దిమ్మలు చెక్కి పొడి ఎత్తుకుంటున్నాడు, అనుకున్నాడు వరప్రసాదం. దారం దిమ్మలోనే ఉంటుంది, పైపైన చెక్కేస్తే ఎవరికి తెలుస్తుంది? రోడ్డు దాటి, గోనె మోస్తున్న కూలీని భుజం పట్టి ఆపి, మూతి విప్పి చెయ్యి లోపలికి దూర్చాడు.

గరుగ్గా, చల్లగా తగిలింది. గుప్పెడు బయటికి తీశాడు. ఊక.

"ప్రసాదం, నువ్వెప్పుడొచ్చినావు?" అన్నాడు రామనారాయణ వ్యాను మీదనుంచే. తర్వాత ఆయన చూపు ఎదురుగా టీకొట్టు మీదికి, వరప్రసాదం తలకున్న తువ్వాలు మీదికి పోయింది. మొహం మారింది. "నన్ను కాపు కాస్తుండావా?"

"ఇదేందన్నా?"

"ఊక. కనపడటంలా?"

"వ్యాన్లో ఊక నువ్వెందుకు ఎత్తిస్తుండావు?"

"షెడ్డులో నా దిమ్మల మీద కప్పుకోవాల్నా వద్దా? ఊకకు సగం దుడ్లు నేనిస్తుండా. నా సగం నేను తీసుకుంటుండా. నీ సగం నీకు వదిలిపెట్టినా, వచ్చి చూసుకో."

వరప్రసాదం వ్యాను ఎక్కి చూశాడు. నిజంగానే సగం వదిలాడు, అన్యాయం చేయలేదు. ఆ మిగిలిన సగం నేల మీద పల్చగా పరుచుకుని ఉంది. ఉదయగిరిలో రోజూ చూసే ఊక ఇంతే, మిగతాది గతుకులకు రాలిపోతోందని అనుకునేవాడు. రెండు ఊళ్ల దిమ్మలూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నంతసేపు చల్లదనం నిలిచేది. ముందువి దించేశాక మిగిలిన దిమ్మల మొహం తలుపు వైపు బయటపడింది. అక్కడ కూరడానికి ఇంకా ఊక కావాలి. ఉన్నదాంట్లో సగం పోయింది. ఆపైన ఎండ నడినెత్తికొచ్చే వేళకు గతుకుల రోడ్డు. బట్టలిప్పి నిలబెట్టిన పసిపిల్లల్లా ఉన్నాయి దిమ్మలు.

"ఆదెయ్యా, నువ్వొక్క మాట చెప్పలేదే?"

ఆదెయ్య బీడీ పక్కన పెట్టాడు. "మీరిద్దరూ అనుకునే చేస్తుండారనుకున్యా."

వరప్రసాదం దిగి, నీడన కూలబడ్డాడు. ఇన్నాళ్లూ పట్టుకోవాలనుకున్న దొంగతనం ఇది కాదు. దొంగతనమైతే అరవడానికి నోరొచ్చేది. లిదియమ్మ టీచరు సంగతి చెప్పాడు, ఎండ, పల్చటి దిమ్మలు, సాయంత్రం ట్రంకుపెట్టెతో వచ్చిన జోయల్. రామనారాయణ వింటూ నిలబడ్డాడు. మధ్యలో ఒకసారి, కూలీ చేతిలోని గోనె దించమని సైగ చేశాడు.

"నాకట్టా తెలీదు ప్రసాదం" అన్నాడు చివరికి. "చెప్పుంటే ఆ రోజు నా దిమ్మలు కూడా పంపుదునే."

వరప్రసాదం తలకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నన్ను దొంగనుకున్యావు. ఎన్నాళ్లనుంచి?"

"ఎండలు మొదలైనకాణ్ణించి."

"నేనూ నిన్ను అనుకుంటానే ఉండా. ఆత్మకూరు దాటినాక వ్యాన్లో నా దిమ్మ ఒక్కటీ ఉండదు. ఆ దారికి గూడా సగం బాడుగ నా చేత పెట్టిస్తుండాడు, ఎంత తెలివైనోడు అనుకున్యా."

"ఆ మాట అడగొచ్చు గదన్నా?"

"అడిగితే నువ్వు వ్యాను మానుకుంటే? ఒక్కణ్ణే నేను బాడుగ మొయ్యగలనా? నువ్వు మాత్రం అడిగినావా?"

దిమ్మలు కరుగుతున్నాయని ఆదెయ్య గుర్తు చేస్తే, రామనారాయణ గోనెల్లో ఊకంతా మళ్లీ వ్యానులో పోయించి, తానే దగ్గరుండి తలుపు వైపు కూరించాడు. తర్వాత చెప్పాపెట్టకుండా ముందు సీట్లోకెక్కి కూర్చున్నాడు. వరప్రసాదం పక్కన సర్దుకున్నాడు. తన మీద జాలితో వస్తున్నాడా, ఉదయగిరిలో గిరాకీ ఎంతుందో చూసి బాడుగ పెంచడానికి వస్తున్నాడా అని వరప్రసాదం దారంతా ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఉదయగిరిలో తలుపు తెరిస్తే దిమ్మలు బరువుగా, మూలలు పోకుండా ఉన్నాయి. దించడానికి రెండో మనిషిని పిలవాల్సి వచ్చింది. రామనారాయణ షెడ్డు ముందు నిలబడి, వచ్చి పోయే షాపులవాళ్లను శ్రద్ధగా చూశాడు.

"నువ్వు చెప్పినంత తక్కువేం లేదు ఇక్కడ గిరాకీ" అన్నాడు. దారిలో వరప్రసాదం అనుకున్నదీ నిజమే. మళ్లీ రామనారాయణే గొంతు తగ్గించి అడిగాడు: "ఆ టీచరమ్మ కొడుకు ఉండాడా?"

"పోయినాడు. సెలవు అయిపోయింది."

రామనారాయణ తల పంకించి, హన్నమ్మ ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగాడు.

అక్కడే మాట ఖాయం చేసుకున్నారు. నెల్లూరు నుంచి ఆత్మకూరు దాకా బాడుగ చెరిసగం. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి మొత్తం వరప్రసాదానిదే. ఊక చివరిదాకా వచ్చి ఖాళీ వ్యానుతో తిరిగి పోతుంది. రామనారాయణ తన షెడ్డుకు కావలసింది ఆత్మకూరు మిల్లులో వేరే కొనుక్కుంటాడు. బాడుగ పెరుగుతున్నందుకు వరప్రసాదం గొణిగాడు. పూర్తి దిమ్మలు దక్కితే గిట్టుబాటవుతుందని లోపల లెక్క వేసుకుని ఒప్పుకున్నాడు. అంత త్వరగా ఒప్పుకున్నాడేమా అని రామనారాయణ ఆయన మొహంలోకి ఒకసారి చూశాడు.

ఆ ఎండాకాలం, పై ఎండాకాలం కూడా వ్యాను అలాగే నడిచింది. దిమ్మలు బాగా వచ్చాయి. అయినా వరప్రసాదం రోజూ తలుపు తెరవగానే ముందు ఊక మీద చెయ్యి పెట్టి చూసేవాడు. నెలకోసారి చెప్పకుండా ఆత్మకూరులో దిగేవాడు. అలాంటప్పుడు రామనారాయణ టీకొట్టు వైపు చూసి, రెండు టీలు చెప్పేవాడు.

"ఇప్పుడైనా ఆయన మీద నమ్మకం కుదిరిందా?" అని అడిగింది హన్నమ్మ ఒకరోజు.

"ఐసు సరిగ్గా వస్తా ఉండాది" అని, వరప్రసాదం ఆర్డరు చెప్పడానికి బూత్‌కు బయలుదేరాడు.