కడపంక్తి కాయ

పెదవుల మధ్య నూలు దారాలు కరిచిపట్టుకుని వడ్డన బాబాయ్ కుండీ మీదికి వంగాడు. విచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్న పత్తి మొగ్గ, మీగడ రంగు మొనను పైకి పొడుచుకుని నిలబడి ఉంది. ఎడమచేతి వేళ్ళతో ఆ మొనను దగ్గరికి నొక్కి, కుడిచేత్తో దారం చుట్టి ముడి వేశాడు. మరీ బిగిస్తే రేకులు తెగుతాయి. వదులైతే తేనెటీగ దూరి, పక్క మొక్క పుప్పొడి అంటించి పోతుంది.

"నీ కాపురం నువ్వు చేసుకో. ఇరుగుపొరుగుతో నీకేం పని?" అని మొగ్గకు బుద్ధి చెప్పి, నడుం పట్టుకుని లేచాడు.

పొట్టి మనిషి. మెడ కనిపించదు, తల నేరుగా భుజాల మీద పెట్టినట్టుంటుంది. కుండీలు మోసి మోసి అరచేతులు గట్టిపడ్డాయి గానీ వేళ్ళ కొసలు మాత్రం మెత్తగానే ఉన్నాయి. ఈ పరిశోధనా కేంద్రంలో మట్టి మోసే కూలీగా చేరి, గ్రీన్‌హౌస్ పనివాడిగా స్థిరపడ్డాడు. అంతకుమించి పైకి పోలేదు, పోవాలనీ అనుకోలేదు. "ఎదగడానికి నేనేమన్నా మొక్కనా?" అంటాడు ఎవరైనా అడిగితే.

వడ్డన అనే పేరు పని వల్ల వచ్చింది కాదు. ఎవరింట పెళ్ళయినా భోజనాల దగ్గర గరిటె ఈయన చేతిలోనే ఉంటుంది. చిన్నప్పుడు తల్లి మంచం పడితే, తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ తనే వండి పెట్టాడు. వండటం ఎవరికైనా వస్తుందనీ, అసలు విద్యంతా వడ్డనలోనే ఉందనీ అప్పుడే తెలుసుకున్నాడు. ముందు కూర్చున్నవాడు అడిగి పెట్టించుకుంటాడు. చివర కూర్చున్న పసివాడు అడగడు, చూస్తాడంతే. ఆ చూపు ఆయన ఎప్పుడూ మరిచిపోలేదు. అందుకే వరుస చివరి నుంచి వడ్డించడం మొదలుపెడతాడు. "ఊరందరికీ వడ్డిస్తారు, ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు మాత్రం అందుకోరు," అని భార్య దెప్పుతుంది. అదీ నిజమే.

అందుకే ఇక్కడి శాస్త్రవేత్త మేడమ్ చేస్తున్న పరిశోధన ఆయనకు వింటూనే నచ్చింది. మేడమ్ ఆయన కూతురి ఈడుది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోజు పత్తి ఆకును చేతిలోకి తీసుకుని, "వంటిల్లు ఇది బాబాయ్. ఎండతో చక్కెర వండుతుంది. కానీ కాయలో దూది పెరగాలంటే ఆ చక్కెర కాయదాకా చేరాలి కదా. చేరవేసే పని కొన్ని జన్యువులది. వాటి పని ఆపేసి చూశాను, ఆకులేమో బలిశాయి, కాయలు మాత్రం పస్తున్నాయి. ఇప్పుడు వాటి పని పెంచి చూస్తున్నాను," అని చెప్పింది.

బాబాయ్ పకపకా నవ్వాడు. "అంతేనా అమ్మా! వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మీరు ఆ వడ్డించేవాణ్ణి మనవాణ్ణి చేస్తున్నారు."

అలా జన్యువు పెంచిన మొక్కల్లో ఇప్పుడు బతికి ఉన్నది ఇదొక్కటే. తోబుట్టువులన్నీ మొలకలోనే పోయాయి. ఇది బతికింది గానీ వేసిన పిందెలన్నీ రాల్చేసింది. పూత కాలం ముగిసిపోతోంది. ఇవాళ దారం కట్టిన మొగ్గే చివరిది. ఇది కాయగా నిలిస్తే విత్తనం మిగులుతుంది, లేకపోతే మేడమ్ ఇన్నేళ్ళ కష్టం ఈ మొక్కతోనే ముగిసిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోరు.

ఎండ గాజు పైకప్పు మీదికి ఎక్కగానే బాబాయ్ మీట తిప్పాడు. పైన గొట్టాల్లోంచి మంచులాంటి తుంపర లేచింది. మొక్కల మీద పడకుండా గాలిలోనే ఆరిపోయే తుంపర అది. అయితే ఒకచోట మాత్రం టప్పుమని చప్పుడైంది. తలెత్తి చూస్తే గొట్టం అతుకు వదులై, చుక్కచుక్కగా నీరు కారుతోంది. సరిగ్గా దారం కట్టిన మొగ్గ మీదికి.

పత్తి పుప్పొడికి నీరు తగిలితే ఉబ్బి పగిలిపోతుంది. పరుగున వెళ్ళి అరచెయ్యి అడ్డం పెట్టాడు. మొదటి చుక్క ఆకు మీద పడి జారిపోయింది. మొగ్గ ఇంకా పొడిగానే ఉంది.

బాబాయ్ కేక విని మేడమ్ వచ్చింది.

"కుండీ పక్కకి జరిపేద్దాం బాబాయ్."

"జరగదమ్మా. వేళ్ళు అడుగు కన్నంలోంచి నేలలోకి దిగిపోయాయి. లాగితే తెగిపోతాయి."

కుండీలను వారం వారం ఎత్తి తిప్పాలన్నది ఆయన పెట్టిన నియమమే. ఎత్తితే ఎక్కడ అలుగుతుందోనని ఈ ఒక్క మొక్కను కదపలేదు. ముద్దు చేస్తే ముప్పు వచ్చింది. తనను తాను తిట్టుకున్నాడు.

"పోనీ నీళ్ళు కట్టేస్తే?"

"మిగతా వాళ్ళ మొక్కలన్నీ మధ్యాహ్నానికి వడలిపోతాయి. మీట అన్నిటికీ ఒక్కటేగా."

"కవర్ తొడుగుదామా?"

"ఈ ఎండకి లోపల ఉడికిపోతుందమ్మా. పైపుల మేస్త్రిని పిలవండి, నేనిక్కడ ఉంటాను."

మేస్త్రి ఫోన్ ఎత్తి, రేపు వస్తానన్నాడు. అతను చెప్పే రేపు ఎప్పుడొస్తుందో ఆ కేంద్రంలో ఎవరికీ తెలియదు.

బాబాయ్ పంపు దగ్గరి మగ్గు తెచ్చి చుక్క కింద పట్టుకుని నిలబడ్డాడు. ఒక చెయ్యి లాగితే రెండో చేతికి మార్చాడు. మేడమ్ పట్టుకుంటానంటే, "మీటింగుకి పోండి. గరిటె పట్టిన చెయ్యి ఇది, అంత తొందరగా అలసిపోదు," అన్నాడు. నిజానికి ఎడమ భుజం పొద్దుటి నుంచీ బరువుగానే ఉంది. పట్టించుకోలేదు. నిలబడి నిలబడి ఆయనకు ఒక రకమైన సంతోషం కూడా కలిగింది. పస్తున్న నోటికీ ముద్దకూ మధ్య తన చెయ్యి అవసరమైన ప్రతిసారీ కలిగే సంతోషమే అది. ఇంతకన్నా మంచి ఉద్యోగం ఎవరికుంటుందని మనస్ఫూర్తిగా అనుకున్నాడు.

మేడమ్ మీటింగు ముగించుకుని వచ్చి, బలవంతంగా మగ్గు లాక్కుని, "ముందు నువ్వు తిని రా," అంది. ఆయన షెడ్డులో కూర్చుని తొందరతొందరగా తిని, గిన్నె కడుక్కుని తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇక మీరు వెళ్ళండమ్మా, ఉపాయం దొరికింది."

"ఏంటది?"

"సాయంత్రం వచ్చి చూసుకోండి. ఆ మేస్త్రి వచ్చినా సరే, రాకపోయినా సరే."

ఆయన ధీమా చూసి ఆమె నవ్వుకుంటూ ప్రయోగశాలకు వెళ్ళిపోయింది. కాసేపటికి బాబాయ్ షెడ్డుకు తిరిగొచ్చి, చల్లటి గచ్చు మీద కాళ్ళు చాపుకుని గోడకు జేరగిలబడ్డాడు. అప్పుడప్పుడూ తీసే కునుకే. తలుపు సందులోంచి గ్రీన్‌హౌస్ గాజు కనిపిస్తోంది. దానివైపు చూస్తూ చూస్తూ కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం మేడమ్ వచ్చేసరికి మొగ్గ రేకులు లేత గులాబీ రంగుకు తిరిగాయి. దారం చెక్కుచెదరలేదు, ఒక్క తడి మచ్చ లేదు. ఆమె తలెత్తి చూసి గట్టిగా నవ్వేసింది. బాబాయ్ గొట్టానికి నాలుగు దారాలు కట్టి, వాటి మీద త్రాసు పళ్ళెంలా తన స్టీలు గిన్నె మూతను వేలాడదీశాడు. చుక్క అందులోనే పడుతోంది. "బాబాయ్! నీ ఉపాయం బంగారం!" అంటూ షెడ్డుకు పరుగెత్తింది. ఆయన జేరగిలబడే ఉన్నాడు. ఆమె భుజం తట్టింది. మళ్ళీ తట్టింది.

పది రోజులు గడిచాక బాబాయ్ భార్య ఆయన సామాను తీసుకెళ్ళడానికి వచ్చింది. చొక్కా, కళ్ళజోడు, గిన్నె మేడమే సంచిలో పెట్టి ఇచ్చింది. పెద్దావిడ గిన్నె బయటికి తీసి తిప్పి చూసింది.

"మూత ఏదమ్మా?"

మేడమ్ ఆమె చెయ్యి పట్టుకుని గ్రీన్‌హౌస్‌లోకి తీసుకెళ్ళింది. మేస్త్రి ఇంకా రాలేదు. గులాబీ రేకులు దారంతో సహా రాలిపోయి, వాటి చోట కుంకుడుకాయంత పచ్చని కాయ నిలిచి ఉంది.

"పొద్దునా సాయంత్రం నేనే నీళ్ళు వంపుతున్నాను పిన్నీ. తీసి ఇమ్మంటారా?"

పెద్దావిడ కాయను చూసింది, పైన మూతను చూసింది. కళ్ళు నిండాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

"వద్దమ్మా. వడ్డన మధ్యలో ఆయన చేతిలోంచి గరిటె ఎవరన్నా లాక్కుంటే ఊరుకునేవారు కాదు. ఉండనీ."

మూత లేని గిన్నెను సంచిలో పెట్టుకుని ఆమె వెళ్ళిపోయింది. అంచున చిన్న సొట్ట ఉన్న ఆ మూత, చుక్క పడినప్పుడల్లా కొద్దిగా ఊగుతూ, కాయ మీద గుండ్రటి నీడను అటూ ఇటూ జరుపుతోంది.