తలుపు మీద అంకె

పెద్దన్న మీద మీటరాయన కోపం ఒక్కటే. తమ్ముడికి కిడ్నీ ఇచ్చినవాడు ఇచ్చి ఊరుకోలేదు. రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే వడ్రంగం పనికి పోతూ దారిలో ఆగి, తన వస్తువును తనిఖీ చేసుకుని మరీ పోతున్నాడు.

ఆ పొద్దున కూడా మీటరాయన స్నానాలగదిలో ప్లాస్టిక్ జాడీని వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు. రాత్రంతా పట్టిన మూత్రం అందులో కొలిచి, అంకె తలుపు మీద సుద్దతో రాయాలి. జాడీ మీద అచ్చు గీతలు చెరిగిపోతే పెద్దన్నే ఉలితో గాట్లు పెట్టాడు.

"ఏరా, నాది ఎంత పోసింది?" వాకిట్లోంచి కేక.

"ఎనిమిది వందలు."

"శభాష్! ఎండలో తిప్పకు దాన్ని. నీళ్ళు తాగించు."

"టీ పట్టమంటావా నీ కిడ్నీకి?"

"పట్టు. చక్కెర తక్కువెయ్యి."

మీటరాయన పళ్ళు నూరుకుంటూ పనికి పోయాడు. ఇరవై ఆరేళ్ళుగా ఒకటే పని. వీధి వీధీ తిరగడం, మోకాళ్ళ మీద కూర్చోవడం, ఇనప మూత ఎత్తి నీళ్ళ మీటరు అద్దం గుడ్డతో తుడవడం, కనిపించిన అంకె రాయడం. సొంత మామగారింట్లో కూడా ఒక్క అంకె తగ్గించలేదు. ఆయన ఏడాది పాటు మాట్లాడలేదు.

మధ్యాహ్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చదివింది.

"ఈ వైరస్ చిన్నప్పుడే దాదాపు అందరి ఒంట్లోకీ చేరుతుందండీ. నిద్రపోతూ ఉంటుంది. కొత్త కిడ్నీని మీ ఒళ్ళు తరిమెయ్యకుండా మందులిస్తున్నాం కదా, కాపలా తగ్గింది. అది లేచి కిడ్నీని తినేస్తోంది."

"అయితే మందులు మానేస్తే సరి."

"తగ్గించి చూద్దాం. మరీ తగ్గిస్తే మీ ఒళ్ళే కిడ్నీ మీద పడుతుంది."

"ఆ వైరస్ నాదా, మా అన్నదా?"

"చాలామందికి కిడ్నీతోనే వస్తుంది."

రెండేళ్ళలో మొదటిసారి మీటరాయన ప్రాణం లేచొచ్చింది. పుచ్చుపట్టిన చెక్క అంటగట్టి ఇన్నాళ్ళూ నా నెత్తినెక్కావు కదా అన్నా! ఈ మాట దారంతా నమిలి నమిలి నున్నగా చేసుకుని పెద్దన్న కొట్టు మెట్లెక్కాడు.

పెద్దన్న తలుపుచెక్కకు చిత్రిక పడుతున్నాడు. ఎడమ పక్క బల్లకు తగలకుండా ఒళ్ళంతా ఒంకరగా వంచి తోస్తున్నాడు. కుట్లున్న పక్క అది. మనిషి అలా ఒంగి పని చేస్తున్నాడని మీటరాయన ఇన్నాళ్ళూ చూడనే లేదు.

"ఏమందిరా డాక్టరమ్మ? నాది ఎలా ఉందంట?"

"బాగుందంది."

"అనక చస్తుందా!" పెద్దన్న పొట్టు ఊదేశాడు.

మర్నాడు జాడీలో ఐదు వందల ఇరవై. సుద్ద పట్టిన చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత ఎనిమిది వందలు రాసింది. ఉద్యోగంలో చేరింది మొదలు అతను రాసిన తొలి దొంగ అంకె అది.

ఆపైన రోజూ ఎనిమిది వందలే. పెద్దన్న రోజూ చదువుకుని, ఈలేసుకుంటూ పోయాడు. జాడీలో మాత్రం నాలుగు వందలు, మూడు వందలు. కాళ్ళు వాచాయి. మందులు తగ్గించినా వైరస్ తగ్గలేదు. మళ్ళీ రక్తం కడిగే మిషను మీదికి రమ్మంది డాక్టరమ్మ. వచ్చే వారం అన్నాడు మీటరాయన. మిషనెక్కితే పెద్దన్నకు తెలిసిపోతుంది.

"ఆయనకు చెప్పండి. మీ కాళ్ళకు దణ్ణం పెడతా," అంది భార్య.

"నోరు మూసుకుని సుద్ద ఇటియ్యి."

ఆ శనివారం కూడా అంకె రాసి, రెండు వీధులు తిరిగొచ్చి, కాసేపు నడుం వాలుస్తానని బల్ల మీద పడుకున్నాడు. భార్య అన్నానికి లేపితే లేవలేదు.

శవం చుట్టూ చేరిన జనం మధ్యలోంచి లేచి పెద్దన్న మొహం కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్ళాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు.

"గుండె ఆగిందమ్మా. నాది మాత్రం ఇవాళ పొద్దుటి దాకా పనిచేసింది."

"అవును బావగారూ," అంది ఆమె.

ఆ రోజు జాడీ ఎవరూ కడగలేదు. స్నానాలగది కిటికీ గూట్లో అలాగే ఉంది. అన్నిటికంటే కిందిదైన వంద గాటుకు కాస్త పైన పసుప్పచ్చగా చార ఎండిపోయి ఉంది. నూట పది.