తిరుగు పిలుపు

“ఇంకొక్కసారి” అన్నాడు డైరెక్టరు.

పొద్దున్నుంచి అది పదకొండోసారి. ఆ మనిషిని ఆఫీసులో అందరూ వెనకాల ‘ఇంకొక్కసారి సారు’ అనే పిలుస్తారు. దుర్మార్గుడేం కాదు. అడిగితే సెలవిస్తాడు, ఆపి మరీ పిల్లల ఫోటోలు చూపిస్తాడు. కాకపోతే ఏది విన్నా ఇంకాస్త బాగుండొచ్చేమోనన్న అనుమానం ఆయన్ని పట్టుకుని వదలదు. దానికి మందు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

అద్దానికి అవతల, గోడలకి మెత్తలు అతికించిన ఇరుకు గదిలో, మామయ్య కొమ్ముని మళ్ళీ ఎత్తాడు. ఇత్తడి కొమ్ము, నిలబెడితే ఆయన భుజం దాకా వస్తుంది. ఇవతల మీటల బల్ల ముందు కూర్చున్నది ఆయన మేనకోడలు. రాజులూ రాక్షసులూ కొట్టుకునే ఓ కంప్యూటర్ ఆటకి చప్పుళ్ళు సమకూర్చడం ఆమె ఉద్యోగం. కత్తి దూస్తే ఒక చప్పుడు, కోట తలుపు తెరిస్తే ఇంకోటి, దండు కదిలితే కొమ్ము. “నిజం కొమ్మే కావాలి, మిషన్ కొమ్ము వద్దు” అని డైరెక్టరు పట్టుబడితే, “మా మామయ్య ఉన్నాడుగా” అని నోరు జారింది తనే. అప్పట్నుంచి ఆ నోటిని తిట్టుకోని రోజు లేదు.

మామయ్య ఊదాడు. ఆమె ముందున్న తెర మీద చప్పుడు గీత లేచింది, నిలబడింది, దిగింది. దిగిన వెంటనే పక్కన చిన్న చిన్న ముళ్ళు మొలిచాయి. అవి దగ్గు. ఒక్కో పిలుపు వెనక ఒక్కో దగ్గు. పిలుపు దాచి, దగ్గు కోసెయ్యాలి. అదీ ఆమె పనే. సోమవారం దగ్గు రెండు సెకన్లుండేది, బుధవారం నాటికి తొమ్మిదైంది. పొరబడ్డానని సరిపెట్టుకోవడానికి లేదు, తెర కింద అంకెలు పడుతూనే ఉంటాయి.

“బ్రహ్మాండం” అన్నాడు డైరెక్టరు. “ఇంకొక్కసారి.”

“టీ తాగొద్దాం సార్” అని, ఆయన ఊ అనేలోపే ఆమె లేచిపోయింది.

బయట వరండాలో బెంచీ మీద అత్తయ్య కూర్చుని ఉంది, ఒళ్ళో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పెట్టుకుని. మొగుడి వెంట రోజూ వస్తుంది. లోపలికి రమ్మంటే ససేమిరా అంటుంది.

“ఎన్నయ్యాయే?”

“పన్నెండు అత్తయ్యా.”

“డాక్టరు ఏమన్నాడో మీ మామయ్య నీకు చెప్పాడా?”

“జలుబన్నాడట కదా.”

“జలుబా! ఆయన మొహం. ఊపిరితిత్తులు పాత గుడ్డలా అయిపోయాయట. ఇంక కొమ్ము ముట్టుకోవద్దన్నాడు. ముట్టుకుంటే ఊదుతూ ఊదుతూనే ఏదో ఒకరోజు పడిపోతాడని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. నేను పక్కనే ఉన్నా.”

ఆమె బెంచీ మీద కూలబడింది.

“మరి ఎందుకు ఊదుతున్నాడు? నేను అడిగాననా?”

“నువ్వు అడక్కపోతే కోట దగ్గర ఊదుతాడు. ఆ మొండిఘటం కథ నీకు తెలీదు, విను” అని అత్తయ్య ఫ్లాస్కు పక్కన పెట్టింది.

కథేమిటంటే, పాత కోట దగ్గర కొమ్ము ఊదేవాళ్ళు ఒకప్పుడు పన్నెండు మంది. యుద్ధాలు ఏనాడో పోయినా, చూడవచ్చిన జనం కోసం సాయంత్రాలు ఊదేవాళ్ళు. వాళ్ళకో కట్టుబాటు ఉంది. తిరుగు పిలుపు వినబడేదాకా కొమ్ము దించకూడదు. తిరుగు పిలుపంటే దండుని వెనక్కి రమ్మనడం, చేసింది చాలు ఇంటికి పదండనడం. అది ఎవరికి వాళ్ళు ఊదుకోకూడదు, జోడీవాడు ఊదాలి. మామయ్య జోడీ బక్కాయన. పళ్ళూడి గాలి నిలవకపోతే ఆయనకి మామయ్యే తిరుగు పిలుపు ఊదాడు. బక్కాయన ఆ క్షణమే కొమ్ము దించి, రెండేళ్ళు మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోయి మరీ పోయాడు.

“ఇప్పుడు మిగిలింది ఈయనొక్కడే, ఈయనకి ఊదేవాడేడీ?” అంది అత్తయ్య. “నేను చెప్తే వినడు, డాక్టరు చెప్తే వినడు. పిలుపు రాలేదుగా అంటాడు. ఎక్కణ్ణుంచి వస్తుందే, ఆకాశం నుంచా? బతిమాలీ బతిమాలీ నాకు విసుగొచ్చిందమ్మా. నా వల్ల కాదింక.”

ఆమె గొంతు తగ్గించి అడిగింది. “బక్కాయనకి ఊదినప్పుడు నువ్వున్నావా? ఎలా ఉంటుందది?”

అత్తయ్య అటూ ఇటూ చూసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని సన్నగా పాడింది. అయిదే అయిదు స్వరాలు.

డైరెక్టరుకి ఏదో సాకు చెప్పి ఆమె మర్నాటి రికార్డింగు రద్దు చేయించింది. ఆ రోజంతా తలుపేసుకుని మామయ్య ఊదిన పిలుపులన్నీ ముందేసుకుంది. దండు కదిలే పిలుపులోంచి ఒక ముక్క, కోట తలుపు పిలుపులోంచి ఒకటి, పనికిరాదని పక్కన పడేసిన వాటిలోంచి మిగిలినవి. ఆరువారాలుగా ఆదివారం మొహం చూడలేదు. మెడ పట్టేసింది, కళ్ళు మండుతున్నాయి. కోసింది, అతికించింది, విన్నది, బాగాలేదని మళ్ళీ విప్పింది. తను కూడా ఇంకొక్కసారి సారులా తయారవుతున్నానని తెలిసి నవ్వు కూడా రాలేదు.

శుక్రవారం పొద్దున్నే మామయ్య కొమ్ముతో వచ్చి, మెత్తల గదిలోకి వెళ్ళబోతుంటే చెయ్యి పట్టుకుంది.

“ముందు ఇది చూడు మామయ్యా. అత్తయ్యా, నువ్వూ రా.” ఈసారి అత్తయ్య వద్దనలేదు.

తెర మీద ఆట నడుస్తోంది. బురద మైదానం, వేలమంది సైనికులు, అవతల కొండంత రాక్షసుడు. ఆటలో దండుని వెనక్కి రప్పించే మీట ఒకటుంది. నిన్నటిదాకా అది నొక్కితే డోలు మోగేది. ఆమె నొక్కింది. కొమ్ము మోగింది. సైనికులు ఒక్కొక్కరే ఈటెలు దించారు, వెనక్కి తిరిగారు, బురదలో కాళ్ళీడ్చుకుంటూ నడక మొదలుపెట్టారు.

మామయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“ఎవడాడు? ఎవడూదాడు?”

“నువ్వే మామయ్యా. నీ ఊపిరే. ముక్కలు నేను అతికించాను.”

“ఎవరికి వాళ్ళు ఊదుకోకూడదు!” గది దద్దరిల్లింది, వెంటనే దగ్గు. తేరుకోవడానికి కుర్చీ పట్టుకోవాల్సొచ్చింది. “నా ఊపిరి కాజేసి నాకే బుద్ధి చెప్తావా? వేలెడంత లేనప్పుడు నా భుజమెక్కి తిరిగిన దానివి!”

“చెప్తాను. చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరుగా! నువ్వు ఊదుకోలేదు. నేను ఊదించాను. నువ్వు పడిపోతే ఆ గీత దిగడం నేను ఈ తెర మీద చూడాలా? నా వల్ల కాదు మామయ్యా. నిన్ను తెచ్చింది నేను, నేనే వెనక్కి పంపుతాను.” ఏడవకూడదనుకుంది గానీ ఏడ్చేసింది.

అప్పటికే వచ్చి వెనక కూర్చున్న డైరెక్టరు అయోమయంగా అందరి మొహాలూ చూశాడు. “సార్, దండు కదిలే పిలుపు మాత్రం ఇంకొక్కసారి...”

“నోర్మూసుకో నాయనా” అంది అత్తయ్య, కోపమైనా లేకుండా.

మామయ్య కుర్చీలో కూర్చున్నాడు. తెరకేసి చూశాడు. ఆఖరి సైనికుడు కొండ మలుపు తిరిగిపోయాక నోరు విప్పాడు.

“నాలుగో స్వరం ముందు ఊపిరి పీల్చాలి. నువ్వు కోసేశావు.”

“అది... ఊపిరి వినబడితే తీసెయ్యడం నా అలవాటు.”

“పెట్టు. ఊపిరి పీల్చుకోకుండా వెనక్కి తిరిగేది ఎవడే?”

ఆమె కళ్ళు తుడుచుకుని, పారేసిన ముక్కల్లో వెతికి, గరగరమనే ఆ ఊపిరిని తెచ్చి నాలుగో స్వరం ముందు పెట్టింది. మళ్ళీ మీట నొక్కింది. మామయ్య లేచి నిలబడి విన్నాడు. అయిదో స్వరం ఆగిపోయాక కొమ్ముని రెండు చేతులా ఎత్తి, నెమ్మదిగా నేల మీద పడుకోబెట్టాడు. నడుం పట్టుకుని లేస్తుంటే అత్తయ్య చెయ్యి అందించింది.  

“పద, ఇంటికి పోదాం” అందావిడ.

“నువ్వు నడు” అని మామయ్య మేనకోడలి వైపు తిరిగాడు. “నువ్వూ లే.”

“నాకింకా బోలెడు పనుంది మామయ్యా. రాత్రికి గానీ...”

“ఊపిరి నాదేనన్నావుగా? అయితే ఊదినవాణ్ణి నేనే. ఊదినవాడు అందరికంటే చివర కదలాలి. ఒక్క మనిషి మిగిలిపోయినా వాడు ఇల్లు చేరకూడదు. నువ్విక్కడ కూర్చుంటే నేనెలా పోనే? లే తల్లీ. నీ మొహం చూసుకున్నావా అద్దంలో? మీరూ లేవండి బాబూ.”

డైరెక్టరు సంచీ తీసుకున్నాడు. ఆమె బల్ల మీద మీటలన్నీ కిందికి దించి లేచింది. ఎంత అలిసిపోయిందో నిలబడ్డాక గానీ ఆమెకి తెలియలేదు. మామయ్య తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కరూ గడప దాటేదాకా కదల్లేదు.